వాటీ స్టార్మంత్ కాల్చిన కొండ

గ్లెన్ ఆర్డిన్ లోయలో గ్రౌస్ అనే అడవికోళ్ల సంగతి వాటీ స్టార్మంత్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వాళ్ల నాన్నకి తెలుసు గానీ, ఈ కథ జరిగేనాటికి ఆయన పోయి పదిహేనేళ్లు.

గ్రౌస్ కోడి వలస పోదు. ఎండైనా మంచైనా పుట్టిన కొండమీదే ఉంటుంది. హెదర్ అనే కొండపొదల చిగుళ్లు తిని బతుకుతుంది. లేతచిగురు రావాలంటే ముదురు పొదని తగలబెట్టాలి. డేగ కంట పడకుండా దాక్కోవాలన్నా, చలిగాలికి ఒదిగి పడుకోవాలన్నా ముదురు పొద ఉండితీరాలి. ఎక్కడ కాల్చాలో, ఎక్కడ ఉంచాలో ఎరిగి ఉండటమే కొండ కాపలాదారు పని. ఏటా వసంతం మొదట్లో వాటీ ముప్ఫై అడుగుల వెడల్పున పట్టీలు పట్టీలుగా, ఈ ఏడు ఇక్కడొకటి, వచ్చే ఏడు అవతలొకటి కాల్చుకుంటూ పోయేవాడు. దూరంనుంచి చూస్తే కొండ మాసికలు వేసిన కంబళిలా ఉండేది. కోళ్లు అరిగించుకోవడానికి కావలసిన గరుకు ఇసక గుట్టలు పోసేవాడు. నక్కల బొరియలు వెతికేవాడు. ఆగస్టు వచ్చేసరికి దొర, దొర స్నేహితులు తుపాకులు పట్టుకుని దిగేవారు.

"పదకొండు నెలలు కన్నతల్లిలా పెంచుతావు, పన్నెండో నెల్లో విస్తట్లో వడ్డిస్తావు," అని ఎగతాళి చేసేవాడు డాండ్ డోయిగ్. "నీ అంత పాపిష్టి మంత్రసాని ఈ లోయలో లేడురా."

డాండ్ పక్క పొలంలో గొర్రెలకాపరి. పెళ్లి చేసుకోలేదు. అక్క మీనీ వండిపెడితే తిని, రోజంతా కొండమీద తిరిగేవాడు. వాటీ, అతనూ ఒకే బడిలో ఒకే బెంచీమీద తన్నులు తిన్నవాళ్లు.

"నీ గొర్రెలు నా హెదర్ తిని దొరకి ఉన్ని ఇస్తున్నాయి," అనేవాడు వాటీ. "నీకేం మిగిలిందిరా, కంపు తప్ప?"

"ఆ కంపు వల్లే కదా నాకింకా పెళ్లి కాలేదు. అది అదృష్టం కాదూ?"

వాటీకి పెళ్లయింది. దొరగారి పెద్దింటి వంటగదిలో పనిచేసే ఫీమీని, యుద్ధంనుంచి ఎడమ చెవి పోగొట్టుకుని తిరిగొచ్చిన మరుసటి ఏడే చేసుకున్నాడు. అది మొదటి యుద్ధం. పిల్లలు లేరు. ఏభై దగ్గర పడేసరికి ఫీమీకి తుంటి పట్టేసింది. బల్లా, కుర్చీ, గోడా పట్టుకుని ఇంట్లో తిరిగేది. వాగు ఒడ్డున రాతిగోడల ఇల్లు. వాటీ పుట్టింది ఆ ఇంట్లోనే. ఇల్లు మాత్రం వాళ్లది కాదు, కాపలా పనిది. పని ఉన్నన్నాళ్లే ఇల్లు.

లోయకి దక్షిణంగా మీకిల్ షాంక్ అని ఒక కొండభుజం ఉంది. అక్కడ హెదర్ నడుములోతు పెరిగి, కాండాలు వేలిలావున ఉండేవి. వాటీ నాన్న దానిమీద నిప్పు పడనివ్వలేదు. ఆ భుజంమీద గాలి ఎప్పుడూ కోస్తూనే ఉంటుంది కాబట్టి మంచు నిలవదు. నిలిచినా పొడుగాటి పొదల తలలు పైకే ఉంటాయి. మిగతా కొండంతా పూడిపోయిన రోజుల్లో చుట్టుపక్కల కోళ్లన్నీ అక్కడికే చేరేవి. "ఎన్ని తప్పులైనా చెయ్యి, ఆ భుజం జోలికి మాత్రం పోకు," అని చెప్పి పోయాడాయన.

రెండో యుద్ధం ముగిసిన ఏడు ముసలి దొర చనిపోయాడు. ఎస్టేటు మేనల్లుడి చేతికొచ్చింది. అతను ఉండేది లండన్లో. పనులు చూడ్డానికి కాప్టెన్ లోరిమర్ అనే మేనేజర్ని పంపాడు. లోరిమర్ చెడ్డవాడేమీ కాదు. ఎడారిలో యుద్ధం చేసొచ్చాడు, కుంటుతూనే కొండలెక్కేవాడు, పనివాళ్లమీద అరిచేవాడు కాదు. చెప్పిన మాట రెండోసారి చెప్పాల్సి రావడం మాత్రం అతనికి అలవాటు లేదు.

1946 ఏప్రిల్ మొదట్లో అతను వాటీని వెంటబెట్టుకుని మీకిల్ షాంక్ ఎక్కాడు. చేతికర్రతో పొదని పక్కకి తోసి చూశాడు.

"ఇదేమిటి స్టార్మంత్? అడవి పెంచుతున్నావా?"

"చలికాలానికని ఉంచిందయ్యా."

"ఎన్నేళ్లది?"

"ముప్ఫై దాటే ఉంటుందండీ. మా నాన్నగారి కాలంనుంచీ..."

"ఇందులో కోడి తినే చిగురు ఒక్కటైనా ఉందా? చూపించు."

వాటీ చూపించలేకపోయాడు. మామూలు రోజుల్లో ఆ పొదల్లో తిండి తక్కువే.

"ఆరేళ్లనుంచి ఈ కొండని పట్టించుకున్నవాళ్లు లేరు," అన్నాడు కాప్టెన్. "దొరగారు మూడేళ్లలో రెట్టింపు కోళ్లు కావాలంటున్నారు. చిగురుంటేనే కోళ్లు. ఈ భుజం మొత్తం కాల్చెయ్."

"సగం కాలుస్తానయ్యా. పై సగం ఉంచేద్దాం. చెడ్డ చలికాలం వచ్చిందంటే..."

"పోయిన చలికాలం ఎలా ఉంది?"

"మెత్తగానే ఉందండీ."

"అంతే కదా. మొత్తం కాల్చు." కాప్టెన్ కర్ర తిప్పి దిగడం మొదలెట్టాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి చూడకుండానే, "సైన్యంనుంచి తిరిగొచ్చిన కాపలాదారులు ఇల్లూ వాకిలీ లేక నాకు ఉత్తరాలు రాస్తున్నారు స్టార్మంత్. నీకు కష్టంగా ఉంటే చెప్పు, తప్పు పట్టను," అన్నాడు.

ఆ సాయంత్రం ఫీమీ పొయ్యి దగ్గర కూర్చుని అడిగింది. "చెప్పావా ఆయనకి?"

"చెప్పాను."

"గట్టిగా చెప్పావా, నీలాగా చెప్పావా?"

"ఒకసారి చెప్పాను ఫీమీ."

"అదే అడుగుతున్నా."

వాటీ ఆమె తుంటివైపు చూశాడు. ఈ ఇల్లు వదిలితే ఆమె ఏ మెట్లు ఎక్కాలో, ఎవరి పంచన ఉండాలో ఊహించుకున్నాడు. 

నాలుగు రోజుల తర్వాత తూర్పుగాలి పొడిగా వీస్తుంటే నిప్పు పెట్టాడు. మంటని అదుపు చెయ్యడానికి డాండ్ వచ్చాడు. ఇద్దరూ భోజపత్ర కొమ్మలతో కట్టిన చీపుళ్లు పట్టుకుని చెరోవైపు నిలబడ్డారు. లేత పొద కాలితే మంట పైపైన పాకి పోతుంది, వేరు బతుకుతుంది, మరుసటి ఏడే చిగురేస్తుంది. ముప్ఫై ఏళ్ల పొద అలా కాలదు. కాండం కట్టెలా రగులుతుంది. వేడి మట్టిలోకి దిగుతుంది. తెల్లకుందేళ్లు పొగలోంచి దూసుకొచ్చి ఇద్దరి కాళ్ల సందునే పరుగెత్తాయి. కొండంతా పెళపెళ పేలుతోంది.

"పెళ్లిరోజున కూడా ఇంత దిగులుగా లేవురా," అన్నాడు డాండ్, మసి పట్టిన ముఖం తుడుచుకుంటూ.

వాటీ నవ్వలేదు. కింద కట్టెలా మండే నల్లమట్టి మూడు రోజులు పొగలు కక్కుతూనే ఉంది. జూన్లో చూడబోతే ఆ భుజంమీద ఒక్క పచ్చటి మొలక లేదు. వేళ్లు కూడా కాలిపోయాయి. కాప్టెన్‌కి ఆ సంగతి చెబితే, "ఓపిక పట్టు," అన్నాడు.

ఆ ఏడు వేసవి తడిగా గడిచింది. ఆగస్టు వేట బాగానే సాగింది. క్రిస్మస్ దాకా చలి పెద్దగా లేదు. జనవరి ఆఖరి వారంలో గాలి తూర్పుకి తిరిగి, మంచు మొదలైంది. మొదలైంది మొదలైనట్టే ఉండిపోయింది. ఆరేడు వారాలపాటు గాలి దిక్కు మారలేదు. రోడ్డు పూడిపోయింది. రొట్టెల బండి రావడం మానేసింది. ఫీమీ ఓట్స్ పిండి జావ కాచి, బంగాళాదుంపలు రెండు పూటలకీ సరిపెట్టి, కట్టెలకి బదులు ఎండిన నల్లమట్టి పెళ్లల్ని విరిచి విరిచి పొయ్యిలో వేసేది. ఆకలికి లేళ్లు కొండ దిగొచ్చి పెరట్లో క్యాబేజీ మోళ్లు నమిలి, కిటికీలోంచి ఆమెవంక చూస్తూ నిలబడేవి. తోలితే కదిలేవి కావు.

ఉత్త మంచైతే కోడికి భయం లేదు. కాళ్లతో తవ్వుకుని తింటుంది, అందులోనే గుంత చేసుకుని పడుకుంటుంది. ఫిబ్రవరి ఎనిమిదిన మధ్యాహ్నంపూట సన్నటి జల్లు పడింది. సాయంత్రానికి మళ్లీ గడ్డకట్టింది. మర్నాడు వాటీ కొండెక్కితే బూటుకింద కొండంతా పింగాణీ పళ్లెంలా మోగింది. కాలు జారుతోందే గానీ దిగబడటం లేదు. మనిషి బరువుకే పగలని పెచ్చు పిట్ట గోళ్లకి ఏం లొంగుతుంది?

కోళ్ల కోసం ఉత్తరపు వాలంతా వెతికాడు. లేవు. ఎక్కడున్నాయో లోపల తెలుస్తూనే ఉంది. వాగు దాటి మీకిల్ షాంక్ పైకి వెళ్లాడు. ఐదారువందలు ఉంటాయి. తెల్లటి భుజంమీద నల్లటి చుక్కల్లా, గాలికి ఎదురు తిరిగి, మెడలు లోపలికి లాక్కుని నిలబడి ఉన్నాయి. ప్రతి చెడ్డ చలికాలం అక్కడికే వచ్చాయి, ఈసారీ వచ్చాయి. కాళ్లకింద ఏమీ లేదు. మంచు, మంచుకింద మసి. కొన్ని పెచ్చుని ముక్కుతో పొడుస్తున్నాయి. అతను దగ్గరికెళ్తే లేచాయి గానీ, వంద గజాలు ఎగిరి మళ్లీ అక్కడే వాలాయి.

వాటీ అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. చేతులు తిమ్మిరెక్కాక దిగాడు.

ఆ రోజే ఎస్టేటు గుర్రం బీటీకి పట్టెడ కట్టి, ఇనపపళ్ల దంతెకి రెండు బండరాళ్లు బరువుకట్టి ఉత్తరపు వాలుకి తోలుకుపోయాడు. అక్కడ పదేళ్ల హెదర్ రెండడుగుల లోతున ఉంది. గుర్రం ముందు నడుస్తుంటే దంతె పళ్లు పెచ్చుని పగలగొట్టి, మంచుని పెకలించి, సన్నటి గోధుమరంగు చార తెరిచేవి. ఒక్కో చారకి మూడుసార్లు తిప్పాలి. రెండో చార తెరిచేలోపే కోళ్లు మొదటి చారమీద వాలాయి. మనిషంటే మైలు దూరాన లేచిపోయే పిట్టలు, గుర్రానికి ముప్ఫై అడుగుల వెనక పెరటికోళ్లలా వచ్చి మేశాయి.

తెల్లారేసరికి గాలి ఆ చారల్ని పూడ్చేసింది. మళ్లీ తెరిచాడు. మర్నాడు మళ్లీ. రోజూ పొద్దున దంతె తిప్పేముందు చచ్చిన కోళ్లని ఏరేవాడు. చేతిలోకి తీసుకుంటే ఈకలు తప్ప బరువుండేది కాదు. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలేది. నక్కలు మాత్రం నిగనిగలాడుతూ తిరిగేవి. కనబడ్డవాటిని కాల్చాడు. చివరికి అదీ మానేశాడు, తూటా పేలితే కోళ్లు మేత వదిలి ఎగిరిపోతున్నాయని.

"ఆ గుర్రానికైనా ఒకరోజు విశ్రాంతి ఇవ్వు," అంది ఫీమీ.

"ఒకరోజు మానితే వంద పోతాయి."

"నువ్వు పోతే?"

"ఆ భుజాన్ని తగలబెట్టింది నేనే కదా," అన్నాడు వాటీ. ఆ మాట తప్ప ఆ రెండు వారాల్లో అతను ఇంట్లో ఇంకేమీ మాట్లాడినట్టు ఫీమీకి గుర్తులేదు.

ఫిబ్రవరి ఇరవైనాలుగున, ఎనిమిదిన్నర ప్రాంతంలో, గుర్రానికి పట్టెడ కడుతుండగా డాండ్ వచ్చాడు. వెంట అతని కుక్క ఫ్లై. డాండ్ గడ్డంమీద మంచు బిళ్లలు కట్టింది. పదిహేను రోజులుగా పూడిపోయిన గొర్రెల్ని కర్రతో పొడిచి వెతికి తవ్వి తీస్తున్నాడు. దొరికిన తొంభై ఆడగొర్రెల్ని వాగు అవతల బ్లాక్‌హోప్ రాతిదొడ్డిలో పెట్టాడు. గడ్డి మాత్రం ఇవతల పొలంలో, ఇంటికి దూరంగా ఉన్న వాములో ఉంది.

"మా గుర్రం మొన్న మంచులో కూలబడి కాలు విరగ్గొట్టుకుంది," అన్నాడు. "కాల్చెయ్యాల్సొచ్చింది. ఇవాళ బీటీని ఇస్తావా? మధ్యాహ్నానికి తెచ్చి కట్టేస్తా."

వాటీ పట్టెడ బిగిస్తూనే ఉన్నాడు. "రేపు తీసుకుపో. రెండ్రోజులు ఉంచుకో."

"రేపెందుకురా? ఇవాళ ఆకాశం బాగుంది."

"నిన్న పై చార తెరవలేకపోయాను. అవి నిన్నట్నుంచి ఏమీ తినలేదు. ఇవాళ కూడా తెరవకపోతే ఉన్నవి కూడా మిగలవు."

"పిట్టలు రా అవి."

"తెలుసు."

"నావి కడుపుతో ఉన్నాయి. తొంభై."

"నీ గొర్రెలు మొన్న తిన్నాయి కదా డాండ్. ఇవాళ్టికి ఆగుతాయి. రేపు వెలుగు రాగానే నేనే తోలుకొస్తా. ఒట్టు."

డాండ్ పోట్లాడే మనిషి కాదు. గ్లవుజు తీసి ముక్కు తుడుచుకుని, "సరేలే మంత్రసానీ. కాన్పులయ్యాక కబురు పెట్టు," అని, కుక్కని పిలిచి వెళ్లిపోయాడు.

వంటింటి కిటికీలోంచి ఫీమీ అంతా విన్నది.

పదకొండు దాటాక గాలి లేచింది. ముందు నేలమీద పొడిమంచు పాములా పాకింది. పది నిమిషాల్లో గుర్రం చెవులు కూడా కనబడకుండా పోయాయి. వాటీ దంతెని అక్కడే వదిలి, బీటీ జూలు పట్టుకుని, అది ఎటు నడిస్తే అటు నడిచాడు. గుర్రం తిన్నగా కొట్టం తలుపుదాకా తీసుకొచ్చింది. ఫీమీ గుమ్మంలో నిలబడి ఉంది, గోడ పట్టుకుని.

"డాండ్ వెళ్లుంటాడా?" అంది.

"ఇంత గాలిలో వెళ్లేటంత వెర్రివాడు కాదు."

మర్నాడు వెలుగు రాగానే, అన్నమాట ప్రకారం గుర్రాన్ని తోలుకుని డోయిగ్‌ల ఇంటికి వెళ్లాడు. గాలి ఆగిపోయింది. ఆకాశం గాజులా ఉంది. మీనీ తలుపు తీసి అతని భుజం వెనక్కి చూసింది.

"వాడేడి?"

"ఎవరు?"

"డాండ్. గాలి లేచాక నీ దగ్గర ఆగిపోయాడనుకున్నాను."

వాటీ గుర్రాన్ని వాగువైపు తిప్పాడు.

కుక్క దొరికింది ముందు. దొడ్డి ఇంకా రెండువందల అడుగులుందనగా, అక్కడిదాకా పోయే రాతిగోడ మొదట్లో మంచుమీద పడుకుని ఉంది. వాటీని చూసి లేవలేదు, తోక మాత్రం ఒకసారి కొట్టింది. డాండ్ దానికింద ఉన్నాడు, గోడకి ఆనుకుని కూర్చుని. గడ్డిమోపు వీపుమీదే ఉంది. మోకులు రొమ్ముమీద అడ్డంగా బిగిసి ఉన్నాయి. మోపు దించి పడేస్తే గోడవెంట పాక్కుంటూ దొడ్డి చేరేవాడు. దించలేదు.

దొడ్డిలోంచి గొర్రెలు అరుస్తున్నాయి.

వాటీ మోకరిల్లి మిత్రుడి ముఖంమీద మంచు తుడిచాడు. జేబులోంచి కత్తి తీసి మోకులు కోశాడు. మోపు ఎత్తుకుని దొడ్డిలోకి వెళ్లి, గొర్రెలముందు గడ్డి విదిల్చాడు. అవి ఒకదాన్నొకటి తొక్కుకుంటూ మేస్తుంటే, గోడమీద చేతులు వేసి నిలబడి పెద్దగా ఏడ్చాడు. అప్పుడు వెనక్కి వచ్చి డాండ్‌ని గుర్రంమీద అడ్డంగా వేసి కట్టాడు.

నేల ఇనుములా గడ్డకట్టింది, శ్మశానానికి దారి లేదు. డాండ్‌ని తెల్లదుప్పటిలో చుట్టి గొర్రెల కొట్టంలో బల్లమీద పడుకోబెట్టారు. పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు.

ఆ మొదటి రోజు సాయంత్రం ఫీమీ, "మీనీ అడుగుతుంది," అంది. "నన్నడిగితే నేను అబద్ధం ఆడను. నువ్వే చెప్పు."

మర్నాడు మీనీ అడగనే అడిగింది. వంటింట్లో నిలబడి, చేతులు ఆప్రాన్‌లో చుట్టుకుని. ఆమె ఏడ్వలేదు.

"నీ గుర్రాన్ని అడిగొస్తానని చెప్పి పోయాడు వాటీ. వచ్చాడా?"

"వచ్చాడు."

"అప్పటికే గుర్రం కొండమీదుందా?"

తప్పించుకునే దారి ఆమే చూపించింది. అవునంటే చాలు. వాటీ టోపీ చేతిలో నలుపుతూ, "లేదు. నా చేతిలోనే ఉంది. నేనివ్వలేదు," అన్నాడు.

"ఎందుకు?"

"కోళ్లకి."

"కోళ్లకి," అంది మీనీ. ఆ మాట అర్థం కానట్టు ఇంకోసారి నెమ్మదిగా అంది. పొయ్యివైపు తిరిగి గిన్నె దించింది. "పో వాటీ. ఇక్కడికి రాకు. గుర్రాన్ని మాత్రం వదిలి పో."

వదిలేశాడు. మీనీ తానే రోజూ గుర్రంమీద గడ్డి వేసుకుని దొడ్డికి వెళ్లేది. ఆ మొదటి రెండు రోజులూ వాటీ వాగు ఇవతలినుంచి చూస్తూ నిలబడ్డాడు. మూడోరోజు చెప్పకుండా ముందే దొడ్డి చేరి, తలుపుకి అడ్డంగా పడిన మంచు పారతో తీసి, ఆమె వచ్చేలోపే వెళ్లిపోయాడు. అప్పట్నుంచి రోజూ తీశాడు. అది ఎవరు తీస్తున్నారని ఆమె అడగలేదు.

మిగతా పొద్దంతా అదే పార పట్టుకుని ఉత్తరపు వాలు ఎక్కేవాడు. మనిషి పారతో తెరిచేది ఎంత? చాపంత మేర, ఇంకో చాపంత మేర. కోళ్లు వచ్చి చుట్టూ నిలబడేవి. ఒకరోజు తవ్వుతుంటే, పక్కన నిలబడ్డ పుంజు నిలబడ్డట్టే ఒరిగిపోయింది. వాటీ దాన్ని పక్కకి జరిపి తవ్వుతూనే ఉన్నాడు. మార్చి మొదటివారానికి తవ్వినచోటికి వచ్చేవి నలభై, యాభై. తర్వాత పదిహేను.

మార్చి మధ్యలో గాలి పడమటికి తిరిగింది. ఒక్క పూటలో వాగు పొంగింది. డాండ్‌ని అంతకు వారం ముందే, రోడ్డుమీద మంచు తవ్వడానికి సర్కారు పంపిన యుద్ధఖైదీల బండిలో తీసుకెళ్లి పాతిపెట్టారు. వాటీ శ్మశానం గోడ అవతలే నిలబడ్డాడు. తొంభై గొర్రెల్లో ఎనభై నాలుగు బతికాయి.

ఏప్రిల్లో తన కుక్కతో కొండంతా తిరిగి కోళ్లని లెక్కపెట్టాడు. అంతకుముందు వసంతంలో మూడువందల జంటలకి పైగా ఉండేవి. పదకొండు జంటలు లేచాయి. కరిగిన మంచునీళ్లకి మీకిల్ షాంక్‌మీద కాలిన మట్టి కొట్టుకుపోయి రాయి తేలింది. అక్కడ లేచిన కోడి ఒక్కటీ లేదు.

మే నెలలో కాప్టెన్ వచ్చాడు. అంతా విని, వాటీ భుజంమీద చెయ్యి వేశాడు. "దేశమంతా ఇదే కథ స్టార్మంత్. నీ తప్పేం లేదు. దొరగారితో కూడా అదే చెప్పాను."

నిజంగానే దేశమంతా అదే కథ. పొరుగు కొండల్లోనూ చచ్చాయి. అయితే అక్కడ ముదురు పొదలు ఉంచినచోట నూటికి ఇరవై ముప్ఫై మిగిలాయని వాటీకి తెలుసు. ఆ మాట అనబోయాడు. భుజంమీద చెయ్యి బరువుగా ఉంది. అనలేదు.

మరుసటి మార్చిలో కాప్టెన్ ఉత్తరపు వాలు కాల్చమని కబురు పెట్టాడు. కొండ తొందరగా కోలుకోవాలని దొర ఆత్రపడుతున్నాడట. వాటీ ఎస్టేటు ఆఫీసుకి నడిచి వెళ్లాడు.

"కాల్చనయ్యా."

కాప్టెన్ కాగితాలనుంచి తలెత్తాడు. "ఏమన్నావ్?"

"ఆ పదకొండు జంటలకీ ఉన్న నీడ అదొక్కటే. కాల్చను."

"నేను అడగటం లేదు స్టార్మంత్."

"ముందటేడు ఏప్రిల్లో మీకు ఒక్కసారే చెప్పాను. మీరు కాదంటే తల వంచుకుని పోయి కాల్చాను. మీరు చెడ్డవారని కాదయ్యా. నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను."

"ఇల్లు ఖాళీ చెయ్యాలి. తెలుసు కదా?"

"తెలుసండీ."

ఫీమీకి చెప్పడానికి దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. గుమ్మంలో అతని ముఖం చూడగానే, "ఎన్నాళ్లు టైమిచ్చాడు?" అంది ఆమె.

"నెల్లాళ్లు."

"పింగాణీ సామాను నేను కడతాను. నువ్వు ముట్టుకుంటే పగలగొడతావు," అంది. అంతకుమించి ఆ విషయం ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

వాళ్లు లోయ మొదట్లో ఒక ఒంటిగది ఇంటికి మారారు. వాటీకి రోడ్డు పని దొరికింది. పారా, తోపుడుబండీ. గోతులు పూడ్చడం, కాలవలు తీయడం, చలికాలంలో ఇసక చల్లడం. కొండమీదికి అతను మళ్లీ పోలేదు. కొత్తగా వచ్చిన కాపలాదారు కుర్రతనంలో ఉన్నవాడు, మర్యాదస్థుడు. ఉత్తరపు వాలు గురించి సలహా అడగడానికి వచ్చాడు. వాటీ పొద్దస్తమానం కూర్చోబెట్టి, ఏ పట్టీ ఎప్పుడు కాలిందో, ఏది ముట్టుకోకూడదో బల్లమీద సుద్దతో గీసి చూపించాడు. అతను అందులో సగమైనా పాటించాడో లేదో తెలుసుకోవాలని వాటీ అడగలేదు.

మీనీ పొలంలోనే ఉండిపోయింది, కొత్తగా వచ్చిన కాపరికి వండిపెడుతూ. వారానికోసారి గంప పట్టుకుని దుకాణానికి ఆ రోడ్డుమీదే వెళ్లేది. వాటీ పని ఆపి, టోపీ తీసి పక్కకి జరిగేవాడు. ఆమె తిన్నగా చూస్తూ దాటిపోయేది. అలా నాలుగేళ్లు గడిచాయి. 1952లో ఫీమీ పోయినప్పుడు కూడా ఆమె రాలేదు.

ఆ మరుసటి శరదృతువులో, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, వాటీ వంతెన దగ్గర గోతిలో గులకరాళ్లు పోస్తున్నాడు. మీనీ వచ్చింది. టోపీ తీశాడు. ఆమె నాలుగడుగులు దాటాక ఆగింది.

"పోస్తే ఏం లాభం?" అంది, గోతివంక చూస్తూ. "నీళ్లు పైనుంచి వస్తున్నాయి. మా గేటు దగ్గర కాలవ పూడిపోయింది."

"చూస్తాను," అన్నాడు వాటీ.

ఆమె వెళ్లిపోయింది. అతను బండిలో పార వేసుకుని గేటుదాకా నడిచాడు. కాలవనిండా ఆకులు, బురద. వంగి తవ్వడం మొదలెట్టాడు.